రిపోర్టు చేతికిచ్చాక ఏం చెప్పాలో కూడా నేర్పించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మాది కందుకూరు. జిల్లా గీత ఎటు జరిపితే అటు పోయే ఊరు, కొన్నాళ్లు ప్రకాశం, కొన్నాళ్లు నెల్లూరు. ఇక్కడ 22 ఏళ్లుగా ఒక చిన్న ల్యాబ్ నడుపుతున్నాను. ఓనర్నీ టెక్నీషియన్నీ నేనే, పొద్దున్నే షట్టరెత్తి కసువు చిమ్మేదీ నేనే. పేపరుకు ఉత్తరం రాయడం ఇదే మొదలు, కాబట్టి పొడుగైతే ఏమీ అనుకోవద్దు.

ఏటా జూలై 28 వస్తుంది. ప్రపంచ హెపటైటిస్ దినం (హెపటైటిస్ అంటే లివర్‌కు వచ్చే వాపు జబ్బు) అని బ్యానర్ పట్టుకుని నర్సింగ్ పిల్లలు ఎండలో ర్యాలీ తీస్తారు, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది, కింద "ప్రతి ఒక్కరూ పరీక్ష చేయించుకోవాలి" అని ఎవరో ఒక పెద్దాయన మాట. మంచిదే, చేయించుకోవాలి. కానీ చేయించుకున్నాక పాజిటివ్ వస్తే మర్నాడు పొద్దున ఎక్కడికి పోవాలి, ఎవరిని కలవాలి, ఇంట్లో వాళ్లకు ఏం చెప్పాలి అని అడిగితే ఆ ఫొటోలో నిలబడ్డ పదిమందిలో ఎంతమంది చెప్పగలరో నాకు అనుమానమే. వాళ్లను తప్పుపట్టడానికి కాదు, రోజూ ఆ పరీక్ష చేసే నాకే చాలా ఏళ్లు తెలియదు.

నా తప్పు ముందు చెప్తాను. 2019 ఎండాకాలం. లింగసముద్రం వైపు పల్లె నుంచి ఒకామె గర్భసంచి ఆపరేషన్ కోసం వచ్చింది, 45 ఏళ్లుంటాయి. ఆపరేషన్‌కు ముందు రాసే టెస్టులు మామూలే, హిమోగ్లోబిన్, షుగర్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి. రక్తం తిప్పి, పైన తేలిన సీరం ఒక చుక్క కార్డు గుంటలో వేసి, బఫర్ పోసి, టైమర్ పెట్టి కూర్చున్నా. ఆ కార్డు మీద సి అనే అక్షరం దగ్గర గీత రావాలి, అది రాకపోతే కార్డే పనికిరానట్టు. టి దగ్గర కూడా గీత వస్తేనే పాజిటివ్ లెక్క. ఆమె హెపటైటిస్ సి కార్డు మీద పదో నిమిషానికి టి దగ్గర లేత గులాబీ రంగు కనపడింది, చూస్తుండగానే చిక్కబడింది. ఇంకో కంపెనీ కార్డుతో మళ్లీ చేశా. అదే.

అప్పుడు నేను చేసిన పని ఏంటంటే, రిపోర్టు మీద "రియాక్టివ్" (పాజిటివ్ అన్నట్టే) అన్న మాట కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు కొట్టి, కవర్లో పెట్టి ఆమె చేతికిచ్చా. "ఏమొచ్చింది నాయనా?" అని అడిగింది. "డాక్టర్ గారు చెప్తారు లేమ్మా" అన్నా. అంతే. 200 రూపాయలకు చిల్లర ఇచ్చి పంపించేశా.

డాక్టర్ గారు చెప్పలేదు. ఆమె వెళ్లిన ఆసుపత్రిలో ఆ కాగితం చూసి "ఈ కేసు ఇక్కడ చెయ్యం, ఒంగోలో నెల్లూరో పొండి" అన్నారట. బయట చీటీలు రాసే మనిషి వాళ్ల ఆయనతో "ఇది ఎయిడ్స్ లాంటిదే, జాగ్రత్త" అని చెప్పాడట. సాయంత్రానికి ఆమె కంచం, గ్లాసు వేరు. వారం తిరక్కుండా పసరు మందు. ఇదంతా వాళ్ల మరిది షుగర్ టెస్టుకు వచ్చినప్పుడు చెప్తే విన్నా, విని "అయ్యో" అన్నా, మళ్లీ నా పనిలో నేను పడిపోయా. రెండేళ్ల తర్వాత ఆమెను కొడుకు తీసుకొచ్చాడు. కళ్లు పచ్చగా, కాళ్లు వాచి, పొట్ట నిండు నెలల మనిషిలాగా. పొట్టలో నీళ్లు తీయించాలి, దానికి ముందు రక్తం చూడమన్నారు అని చీటీ. మనిషిని గుర్తుపట్టలేదు, పాత రిజిస్టర్లో పేరు చూశాక గుర్తొచ్చింది. ఆ ఏడు సంక్రాంతికి ఆమె లేదు.

2019లోనే మందు పడి ఉంటే బతికేదని గట్టిగా చెప్పలేను, అప్పటికే లివర్ ఎంత గట్టిపడి ఉందో ఎవరూ చూడలేదు కాబట్టి. కానీ ఒకటి మాత్రం చెప్పగలను. ఆమె నా బెంచీ మీద కూర్చునేటప్పటికే కేంద్ర ప్రభుత్వం హెపటైటిస్ బి, సి లకు ఉచిత పరీక్షలు, ఉచిత మందులు అని జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. 2018 జూలై 28న మొదలైంది అది. జిల్లాకు కనీసం ఒక చికిత్సా కేంద్రం ఉండాలని అందులోనే ఉంది. నాకు తెలియదు, ఆ డాక్టర్ చెప్పలేదు, చీటీలు రాసే ఆయనకు తెలిసిందల్లా ఎయిడ్స్ అన్న మాటే. మందు సర్కారు గోదాములో ఉంది, జబ్బు పల్లెలో ఉంది, మధ్యలో మేమున్నాం, మేమే అడ్డం.

హెపటైటిస్ సి నయమయ్యే జబ్బు. ఈ ఒక్క మాట ఆ రోజు నా నోట్లో ఉంటే చాలు. కార్డు మీద గీత వచ్చినంత మాత్రాన వైరస్ ఇంకా ఒంట్లో ఉందని కూడా కాదు. వచ్చినవాళ్లలో నూటికి 30 మంది దాకా మందు లేకుండానే ఆరు నెలల లోపు దాన్ని వదిలించుకుంటారు, కానీ దానితో పోరాడడానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు ఉండిపోతాయి, కార్డు జన్మంతా పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. అందుకే రెండో పరీక్ష, రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసేది, వైరల్ లోడ్ అంటాం, అది చెయ్యాలి. వైరస్ ఉంటే సోఫోస్‌బువిర్, డక్లాటస్‌విర్ అని మాత్రలు, చాలామందికి 12 వారాలు, అంటే 84 రోజులు. లివర్ బాగా గట్టిపడినవాళ్లకు వేరే మాత్రలు కలపడమో, ఇంకొన్ని వారాలు పొడిగించడమో ఉంటుంది. అయిపోయిన 12 వారాలకు మళ్లీ చూస్తారు, వైరస్ కనపడకపోతే పోయినట్టే. నూటికి 95 మందికి పోతుంది. షుగర్ మాత్రలు జీవితాంతం మింగుతున్న ఊరు మాది, 84 రోజుల మాత్రలకు మనిషిని పోగొట్టుకున్నాం.

ధర గురించి కూడా ఒక మాట. 2013 చివర్లో అమెరికాలో ఈ సోఫోస్‌బువిర్ వచ్చినప్పుడు ఒక్కో మాత్ర 1,000 డాలర్లు, కోర్సు 84,000 డాలర్లు. 2015 నుంచి మన దేశంలో జెనరిక్ మందులు వచ్చాయి, మన హైదరాబాద్ కంపెనీలు కూడా చేశాయి, ధర ఎక్కడికో దిగిపోయింది. ఇక హెపటైటిస్ బి టీకా సంగతైతే మన ఇంటి కథే. దేశంలో మొదటి రీకాంబినెంట్ (జన్యు పద్ధతిలో తయారుచేసే) హెపటైటిస్ బి టీకాను 1997లో తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి గారు నెల్లూరు జిల్లా మనిషి. అంతకుముందు అది విదేశాల నుంచి వచ్చే, డబ్బున్నోళ్లు వేయించుకునే టీకా. అలాంటి జిల్లాలో, రోజూ రక్తంతో పనిచేసే ల్యాబ్ కుర్రాళ్లు, ఆయాలు, ఆసుపత్రి చెత్త ఎత్తేవాళ్లు ఎంతమంది మూడు డోసులూ పూర్తి చేశారని అడిగితే తల దించుకోవాలి.

నేను కూడా వేయించుకోలేదు, 2008 దాకా. వేయించుకున్నది కూడా తెలివి వచ్చి కాదు, సూది గుచ్చుకుని. రక్తం తీసి సూదికి మూత పెట్టబోతే వేలికి దిగింది, తర్వాత కార్డు చూస్తే ఆ మనిషికి హెపటైటిస్ బి. వేలు పిండుకుని స్పిరిట్ పోసుకున్నా. రెండూ తప్పే, సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే, కుదిరితే 24 గంటల లోపే టీకా మొదటి డోసు, దాంతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్ వేయించుకోవాలి. అడిగితే చెప్పేవాళ్లు లేరు. ఆరు నెలలు టెన్షన్, ఇంట్లో చెప్పలేదు, నెలకోసారి నా రక్తం నేనే తీసి చూసుకోవడం. నెగటివ్ వచ్చింది, దేవుడి దయ. టీకా లేనివాడికి ఇలాంటి సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి అంటుకునే అవకాశం నూటికి 30 దాకా ఉంటుంది, సి అయితే నూటికి రెండు, హెచ్‌ఐవీ అయితే వెయ్యికి మూడు. మనమంతా వణికిపోయేది ఆ వెయ్యికి మూడుకి.

మన జనంలో ఇంకో తికమక ఉంది. కామెర్లు అంటే మన దగ్గర ఒకటే జబ్బు. నీళ్ల వల్ల, తిండి వల్ల వచ్చే హెపటైటిస్ ఏ (A), ఈ (E) వేరు, రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు, కలయిక ద్వారా వచ్చే బి, సి వేరు అని చెప్పేవాళ్లు తక్కువ. ఏ, ఈ చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, గర్భిణులకు మాత్రం హెపటైటిస్ ఈ (E) ప్రాణం మీదికి తెస్తుంది. తగ్గే జబ్బుకు పసరు పోసినవాడికి పేరొస్తుంది, కాకి వాలింది తాటిపండు పడింది అన్నట్టు. ఆ పేరు నమ్ముకుని బి, సి వాళ్లు కూడా అక్కడికే పోతారు. చేతి మీద వాతలతో నా ల్యాబ్‌కు వచ్చినవాళ్లు ఉన్నారు, చిన్నపిల్లలతో సహా. అసలు ఒంట్లో ఉండిపోయిన బి, సి ల తిప్పలేంటంటే ఏళ్ల తరబడి కళ్లు పచ్చబడవు, ఒళ్లు వెచ్చబడదు, ఆకలి తగ్గదు. "కళ్లు తెల్లగానే ఉన్నాయి గదా" అని అందరూ ధైర్యంగా ఉంటారు. పచ్చబడేసరికి లివర్ రాయి అయిపోయి ఉంటుంది.

నేల ఉసిరిని నేను తీసిపారెయ్యను, మా అమ్మ కూడా నూరి తాగించింది. ఒక సంగతి చెప్తే ఆశ్చర్యపోతారు. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ తీసుకున్న బ్లూంబర్గ్ గారు (జూలై 28 ఆయన పుట్టినరోజే, అందుకే ఆ తేదీ) మద్రాసు శాస్త్రవేత్తలతో కలిసి మన నేల ఉసిరి జాతి మొక్క మీదే పరిశోధన చేశారు. 1988లో లాన్సెట్ పత్రికలో మంచి ఫలితాలే వచ్చాయని రాశారు. తర్వాత వేరే చోట్ల చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. వాళ్లు చూశారు, రాలేదు, వేరే మందు వెతుక్కున్నారు. మనం మాత్రం ఆదివారం పొద్దున పరగడుపున పసరు కోసం బస్సెక్కి పోతూనే ఉన్నాం.

ఆయన కనిపెట్టినదాన్ని మొదట ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో చూశారు కాబట్టి పాత డాక్టర్లు ఇప్పటికీ చీటీ మీద "ఆస్ట్రేలియా యాంటిజెన్" అని రాస్తారు. గుడ్లూరు వైపు పెద్దాయన ఒకరు అది చదివించుకుని "నేను తిరుపతి దాటి పోలా, నాకు ఆస్ట్రేలియా జబ్బు ఎట్లొచ్చె నాయనా" అన్నాడు. నవ్వుకున్నాం అప్పుడు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే, జవాబు చెప్పేవాళ్లు లేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022 నాటికి మన దేశంలో హెపటైటిస్ బి ఉన్నవాళ్లు 2.98 కోట్లు, సి ఉన్నవాళ్లు 55 లక్షలు. రెండూ కలిపి చూస్తే మనకంటే ముందున్నది చైనా ఒక్కటే. ప్రపంచం మొత్తం మీద బి ఉన్నవాళ్లలో ఆ సంగతి తెలిసినవాళ్లు నూటికి 13 మంది, మందు వాడుతున్నది ముగ్గురు. మిగతావాళ్లు మన పక్కనే బస్సులో కూర్చుని ఉంటారు, వాళ్లకే తెలియదు.

తెలిసేది ఎప్పుడయ్యా అంటే, ఆపరేషన్ అప్పుడు, కాన్పు అప్పుడు, రక్తదానం చేసినప్పుడు, లేకపోతే గల్ఫ్ ఉద్యోగాలకు చేసే మెడికల్ పరీక్షలో. ఉదయగిరి, కలిగిరి వైపు నుంచి కువైట్‌కు పోయే కుర్రాళ్లు చాలామంది. ఏజెంటుకు డబ్బు కట్టి, చెన్నైకో హైదరాబాద్‌కో మెడికల్‌కు పోయి, "అన్‌ఫిట్" అని ముద్ర వేయించుకుని వస్తారు. కరోనా తర్వాత అలాంటి పిల్లాడొకడు వచ్చాడు, 24 ఏళ్లు, హెపటైటిస్ బి పాజిటివ్. మూడు ల్యాబుల్లో చేయించుకున్నాడు అప్పటికే. "ఏదో ఒకటి చేసి నెగటివ్ రాయన్నా, రెండు లక్షలు అప్పు తెచ్చినా" అని కౌంటర్ పట్టుకుని ఏడ్చాడు. ఈసారి మాత్రం నేను "డాక్టర్ గారు చెప్తారు" అనలేదు. ఎందుకంటే అంతకుముందే ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీ డాక్టర్ గారు మా ల్యాబ్ వాళ్లను పాతికమందిని కూర్చోబెట్టి గంటసేపు చెప్పి ఉన్నారు. 22 ఏళ్లలో నాకు ఈ జబ్బు మీద దొరికిన శిక్షణ ఆ ఒక్క గంట.

పిల్లాడిని కూర్చోబెట్టి టీ తెప్పించి అడిగా, "మీ అమ్మకు చేయించావా?" అని. బిత్తరపోయాడు, అమ్మకెందుకన్నా అని. పెద్దయ్యాక హెపటైటిస్ బి అంటితే నూటికి 95 మందికి పైగా ఒళ్లే దాన్ని వదిలించుకుంటుంది, పుట్టినప్పుడు అంటితే నూటికి 90 మందిలో ఉండిపోతుంది. అందుకని చిన్న వయసులో ఇలా బయటపడితే ముందు ఇల్లంతా చూడాలి. మర్నాడు అమ్మను, అన్నను, చెల్లెల్ని తీసుకొచ్చాడు. అమ్మకు ఉంది, అన్నకు ఉంది, చెల్లెలికి లేదు. అమ్మ ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నాయి, అంటే లివర్ అప్పటికే దెబ్బతిన్నట్టు అనుమానించాలి. ఆమెను పెద్దాసుపత్రికి పంపిస్తే టెనోఫోవిర్ మొదలుపెట్టారు, రోజుకొక మాత్ర, ఆపకూడదు, మధ్యలో సొంతంగా ఆపితే జబ్బు ఒక్కసారిగా తిరగబడుతుంది. అన్నదమ్ములిద్దరికీ మాత్రలు ఇప్పుడే అక్కర్లేదు, ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు. చెల్లెలికి టీకా మూడు డోసులు. కువైట్ పోలేదు పిల్లాడు, ఇప్పుడు రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజర్. వాళ్లమ్మ మాత్రలు అయిపోయే ముందు వాడే గుర్తుపెట్టుకుని తెస్తాడు.

రెండు కుటుంబాలకీ కార్డు ఒకటే రకం, గీత ఒకటే రంగు. తేడా అంతా రిపోర్టు ఇచ్చేవాడికి విషయం తెలిసి ఉండడంలోనే ఉంది. అందుకని నేననేది, పరీక్షలు పెంచండి, తప్పకుండా పెంచండి, కానీ చేసేవాళ్లకూ చెప్పేవాళ్లకూ నేర్పకుండా పెంచితే కంచాలు వేరుపడే ఇళ్లు పెరుగుతాయి. ముందు నేర్పండి, లేదా రెండూ కలిపి చెయ్యండి.

ఎవరికి నేర్పాలి అంటే డాక్టర్లకు ఒక్కరికే కాదు. రక్తం తీసేవాడు, స్టాఫ్ నర్సు, ఏఎన్‌ఎం, ఆశా, చీటీలు రాసే మనిషి, డయాలసిస్ గదిలో టెక్నీషియన్. కనిగిరి, పామూరు వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువన్న సంగతి మీకు తెలుసు, వారానికి రెండు మూడుసార్లు రక్తం బయటికి తీసి కడిగి లోపలికి పంపేచోట జాగ్రత్త తప్పితే సి ముందు అంటుకునేది వాళ్లకే. ఇంకా ఒకరున్నారు, వాళ్ల పేరెత్తితే చదువుకున్న డాక్టర్లకు కోపం. పల్లెల్లో ఆర్‌ఎంపీలు. జ్వరమొస్తే సూది వెయ్యకపోతే వాడు డాక్టరే కాదనే జనం మనం, ఆ సూది వేసేది వాళ్లే. వాళ్లకు గుర్తింపు ఇమ్మని నేననను, అది వేరే గొడవ. కానీ సిరంజి మార్చి సూది అదే వాడడం, సూది మార్చి సిరంజి అదే వాడడం రెండూ ప్రమాదమేనని, హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కూడా వారం బతుకుతుందని వాళ్లకు కూర్చోబెట్టి చెప్పేవాళ్లుండాలి గదా. వాళ్లను లేనట్టు నటిస్తే సూదులు ఆగవు.

కాన్పుల దగ్గర అయితే గంటల లెక్క. ప్రతి గర్భిణికీ హెపటైటిస్ బి చూడాలని ఉంది, చాలావరకు చూస్తున్నారు కూడా. పాజిటివ్ వచ్చిన తల్లికి వైరల్ లోడ్ చూసి, ఎక్కువుంటే నెలలు నిండేలోపే టెనోఫోవిర్ ఇవ్వాలి, బిడ్డ పుట్టిన 24 గంటల లోపు టీకా, దాంతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్. మర్నాడు ఆదివారం, ఫ్రిజ్ తాళం సిస్టర్ దగ్గరుంది, సోమవారం వేద్దాం అంటే ఆ బిడ్డ జన్మంతా మోయాల్సి రావచ్చు. ఇలా జరిగిన ఇల్లు ఒకటి నాకు తెలుసు, అంతకంటే రాయను. తల్లి పాలు మాన్పించడం ఇంకో అన్యాయం. హెపటైటిస్ బి ఉన్న తల్లి పాలివ్వొచ్చు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, బిడ్డను ముద్దాడినా రాదు. బ్లేడు, టూత్ బ్రష్, గోళ్ల కత్తెర మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి.

పాజిటివ్ అని ఆపరేషన్ చెయ్యనన్న వాళ్లను నేను ఒకటి అడుగుతాను. నిన్న మీరు ఆపరేషన్ చేసిన పదిమంది రక్తం శుభ్రమని మీకెవరు చెప్పారు? వచ్చిన ప్రతి మనిషి రక్తాన్నీ జబ్బున్న రక్తంలాగే చూసి గ్లౌజులు వేసుకోవాలని, పనిముట్లు శుభ్రం చెయ్యాలని చదువులోనే ఉంది గదా. కేస్ షీట్ మీద ఎర్ర అక్షరాలతో రాసి మంచానికి వేలాడదీస్తే వైరస్ ఆగదు, పక్క మంచం వాళ్ల చూపులు మాత్రం మారతాయి. ఆ ఎర్ర పెన్ను నేను 2021లో పారేశాను.

ఇదంతా అయ్యే పనేనా అంటారు. పంజాబ్‌లో అయింది. అక్కడ హెపటైటిస్ సి ఎక్కువ. 2016 జూన్‌లో ఆ రాష్ట్ర ప్రభుత్వం 22 జిల్లా ఆసుపత్రుల్లో, 3 మెడికల్ కాలేజీల్లో ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది. లివర్ స్పెషలిస్టులు జిల్లాకొకరు ఎక్కడ దొరుకుతారు? అందుకని చండీగఢ్‌లోని పీజీఐ అనే పెద్ద ప్రభుత్వ వైద్య సంస్థ డాక్టర్లు జిల్లా ఆసుపత్రుల్లో ఉన్న మామూలు ఫిజీషియన్లకు వీడియో ద్వారా నేర్పారు, కష్టమైన కేసులు వస్తే అదే వీడియోలో అడిగేవాళ్లు. అలా 48 వేల మందికి పైగా వైద్యం చేశారు, నూటికి 90 మందికి పైగా నయమైంది. స్పెషలిస్టు చేతుల్లో ఎంతో, మామూలు డాక్టర్ చేతుల్లోనూ దగ్గర దగ్గర అంతే. ఈజిప్టు సంగతి పేపర్లలో వచ్చే ఉంటుంది, ఒకప్పుడు వేరే జబ్బుకు గాజు సిరంజీలతో ఊరూరా సూదులు వేసి హెపటైటిస్ సిని తామే పంచుకున్న దేశం అది, 2018–19లో ఏడు నెలల్లో దాదాపు 5 కోట్ల మందికి పరీక్ష చేసి, దొరికినవాళ్లకు మందులిచ్చి, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర శభాష్ అనిపించుకుంది.

మనకు లేనిదేముంది? ఒంగోలులో, నెల్లూరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. వాళ్లకు వీడియో తెలుసు, పల్లె ఏఎన్‌ఎం చేతిలో కూడా ఫోనుంది (అందులో ఇప్పటికే ఎన్ని యాప్‌లు నింపారో పాపం, కొత్త యాప్ మాత్రం పెట్టొద్దు). నెలకు ఒక గంట, తెలుగులో, ఇంగ్లిష్ స్లయిడ్లు చదివి వినిపించడం కాకుండా, మొన్న వచ్చిన కేసు మీద మాట్లాడుకునేలా పెడితే చాలు. వైరల్ లోడ్‌కు శాంపిల్ దూరం పంపాలి అంటారు. కరోనా అప్పుడు మన రాష్ట్రంలో ట్రూనాట్ అనే టెస్టు మెషీన్లు ఎలా వాడామో గుర్తుందిగా, టీబీకి ఇప్పటికీ వాడతారు. హెపటైటిస్ బి, సి లకు కూడా ఆ మెషీన్‌లో వేసే చిప్పులున్నాయి. ప్రైవేటులో ఆ టెస్టుకు వేలల్లో అవుతుంది, నేనే శాంపిల్ పంపిస్తాను కాబట్టి తెలుసు, కూలి మనిషి అక్కడే ఆగిపోతాడు.

క్యాంపులు కూడా ఆసుపత్రి ఆవరణలో పెడితే ఆసుపత్రికి వచ్చేవాళ్లే వస్తారు. పొగాకు వేలం సీజన్‌లో మా కందుకూరు వేలం కేంద్రం దగ్గర పెట్టండి, బేళ్లు దించేవాళ్లు, లారీ డ్రైవర్లు, గ్రేడింగ్ ఆడవాళ్లు అందరూ అక్కడే ఉంటారు, వేలం అయ్యేదాకా పనేమీ ఉండదు కూడా. 2002కి ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లను, అప్పట్లో ఆపరేషన్లయిన ఆడవాళ్లను ముందు పిలవండి, ఎందుకంటే బ్లడ్ బ్యాంకుల్లో హెపటైటిస్ సి చూడడం మన దేశంలో తప్పనిసరి అయింది ఆ ప్రాంతంలోనే. మైకులో "హెపటైటిస్" అనకండి, ఎవరికీ నోరు తిరగదు, "లివర్ టెస్టు" అనండి, వస్తారు.

ఇంత రాశాక నాకోసం అడిగేది ఒకటే. నా దగ్గర నెలకు నలుగురైదుగురికి ఆ రెండో గీత వస్తుంది. వాళ్లను "పెద్దాసుపత్రికి పో" అని పంపిస్తే గేటు దగ్గరే తప్పిపోతారు, ఓపీ చీటీ ఏ విభాగానికి రాయించుకోవాలో తెలియక సాయంత్రం బస్సుకు తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు. జిల్లా వైద్యాధికారుల్లో ఎవరైనా ఈ ఉత్తరం చదివితే, మన దగ్గర హెపటైటిస్ మందులు ఏ ఆసుపత్రిలో, ఏ రోజు, ఏ గది నంబర్లో ఇస్తారు, అక్కడ ఎవరిని అడగాలి అన్నది తెలుగులో ఒక కాగితం మీద రాసి ప్రతి ల్యాబ్‌కూ, ప్రతి ప్రైవేటు ఆసుపత్రికీ పంపండి సార్. జిరాక్స్ ఖర్చు మేమే పెట్టుకుంటాం.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
కందుకూరు